ధర్మసంకటంలో ఏ సిద్ధాంతం ఎక్కడ పనికొస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు వైపు మామూలు మనుషులకి ఎదురయ్యే ఇరకాటాలనే ఇక్కడ ఉదాహరణలుగా తీసుకున్నాం. సివిల్స్ ఎథిక్స్ పేపరుకి చదివేవాళ్ళకీ పనికొస్తుంది గానీ, రేపు పొద్దున్నే ఏదో ఒకటి తేల్చుకోక తప్పనివాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. ఉదాహరణల్లోని మనుషులు ఊహించినవాళ్ళు. చట్టాలు, సంవత్సరాలు మాత్రం ఉన్నవే.

కర్తవ్యవాదానికీ ఫలితవాదానికీ తేడా ఒక్క ముక్కలో చెప్పండి.

మొదటిది జల్లెడ, రెండోది తక్కెడ. జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ (1724–1804) జల్లెడ పట్టిన మనిషి. ఎంత లాభం వచ్చినా కొన్ని పనులు చెయ్యకూడదు, అంతే. జెరెమీ బెంథామ్ (1748–1832), ఆయన తర్వాత జాన్ స్టూవర్ట్ మిల్ తక్కెడ పట్టినవాళ్ళు. వాళ్ళ లెక్కలో ముందే కాదనాల్సిన పనంటూ ఏదీ లేదు. అందరి సుఖం, అందరి బాధ తూచి, ఎటు మొగ్గితే అదే సరైన పని.

జనం ఎక్కువగా పొరబడేది వరస దగ్గర. ముందు తూచేస్తారు. మనసు తేల్చేసుకున్నాక జల్లెడ గుర్తొస్తుంది. అప్పుడు తమకి కావలసింది జారేలా కన్నాలు పెద్దవి చేసుకుంటారు. ముందు జల్లెడ పట్టాలి, నిలిచిన దారుల్నే తూచాలి. ఈ పేజీలో ఒకటి రెండు చోట్ల తప్ప అన్ని జవాబులూ ఆ వరసలోనే నడుస్తాయి.

కాంట్ పరీక్ష ఎలా పెట్టాలి? మెట్టు మెట్టుగా కావాలి.

గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళే సరుకుతో చూద్దాం. బాగా ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది. కల్లంలో టిక్కీలకి (మిర్చి బస్తాలకి) తొక్కేటప్పుడు విరిగి గింజ రాలిపోకుండా కాస్త నీళ్ళు చిలకరించడం మామూలే. అదే చెయ్యి, అదే చెంబు, కాటాకి ముందు ఇంకో నాలుగు చిలకరింపులు ఎక్కువ వేస్తే? పైనుంచి చూసేవాడికి రెండూ ఒకే పని. కాంట్ తూకం వేసేది చేతిని కాదు, దాని వెనకున్న నియమాన్ని. దాన్ని ఆయన మ్యాగ్జిమ్ అన్నాడు.

మొదటి మెట్టు: నియమాన్ని కాగితం మీద రాయాలి. అందులో మూడు ముక్కలుండాలి: ఏ పరిస్థితిలో, ఏ పని, ఎందుకోసం. మొదటి రైతు నియమం: "టిక్కీకి తొక్కేటప్పుడు, కాయ విరగకుండా, సరిపడా తడి చేస్తాను." రెండో రైతు నియమం: "కాటాకి ముందు, కొనేవాడికి తెలియకుండా, నీళ్ళ బరువుకి కూడా మిర్చి ధర రాబట్టుకోడానికి తడి చేస్తాను."

రెండో మెట్టు: ఆ నియమాన్ని అందరూ పాటించే లోకాన్ని ఊహించాలి. మొదటి నియమానికి ఏ ఇబ్బందీ లేదు. రెండోది అందరూ చేస్తే ప్రతి వ్యాపారీ ప్రతి టిక్కీలోనూ నీళ్ళున్నాయనే లెక్క వేసుకుని బరువు కోసేస్తాడు. దాంతో ఆ ఎత్తు పారదు. కూర్చున్న కొమ్మనే నరుక్కునే నియమం అది. ఇక్కడ చాలామంది "అందరూ అలా చేస్తే మార్కెట్టు చెడిపోతుంది కాబట్టి తప్పు" అని రాస్తారు. అది ఫలితాల లెక్క, కాంట్ మాట కాదు. కాంట్ చెప్పేది వేరు: మిగతావాళ్ళు నిజాయితీగా ఉంటేనే నీ ఎత్తు పారుతుంది, అంటే నీ ఒక్కడికే ప్రత్యేక మినహాయింపు రాసుకుంటున్నావు.

మూడో మెట్టు: కొమ్మ విరగని నియమాలు కొన్ని ఉంటాయి. "నా పని నేను చూసుకుంటాను, ఎవరికీ సాయం చెయ్యను" అనేది అందరూ పాటించినా లోకం నడుస్తుంది. కానీ నీకు అవసరం పడిన రోజున ఆ లోకాన్ని నువ్వే కోరుకోలేవు. ఇలా రెండో వడపోతలో, అంటే ఈ మూడో మెట్టులో, ఆగిన వాటి నుంచి వచ్చే కర్తవ్యాలు కాస్త వదులుగా ఉంటాయి: సాయం చెయ్యాలి, అయితే ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది నీ చేతిలో ఉంటుంది. మొదటి వడపోతలో, అంటే రెండో మెట్టులో, ఆగినవాటికి అలాంటి వెసులుబాటు లేదు.

నాలుగో మెట్టు: ఇందులో ఎవరినైనా కేవలం సాధనంగా వాడుతున్నానా? ఇది కాంట్ 1785లో చెప్పిన రెండో సూత్రం. దీని సంగతి కింద విడిగా ఉంది.

పరీక్ష ఎక్కడ బెడిసికొడుతుంది?

ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే. నియమాన్ని మరీ సన్నగా రాస్తే ఏదైనా జల్లెడలోంచి జారిపోతుంది: "తేజ రకం, 40 టిక్కీలు, అప్పు మీదున్న సంవత్సరం, బుధవారం మాత్రమే నీళ్ళు చల్లుతాను." ఇది అందరూ పాటించినా ఎవరికీ తెలీదు, కాబట్టి పాసు! మరీ లావుగా రాస్తే మంచి పని కూడా ఆగిపోతుంది: "సరుకు మీద నీళ్ళు చల్లుతాను."

దీనికో చిట్కా ఉంది. నియమంలోని ఒక్కో మాటనీ కొట్టేసి, "ఇది లేకపోయినా నేను ఈ పని చేసేవాణ్ణేనా?" అని అడగాలి. బుధవారం బదులు గురువారమైనా చేసేవాడివే, కాబట్టి బుధవారం కొట్టెయ్యి. తేజ కాకుండా ఇంకో రకమైనా చేసేవాడివే, అదీ కొట్టెయ్యి. "కొనేవాడికి తెలియకుండా" అన్నది కొట్టేస్తే? ఇక చెయ్యవు. ఉండాల్సింది ఆ మాటే. అసలు నియమం బయటపడేది అక్కడే.

ఇంకో లోపం పరీక్షలోనే ఉంది. "రద్దీ ఉండదని ఆదివారం ఆరింటికే రైతుబజారుకి వెళ్తాను" అనే నియమం అందరూ పాటిస్తే ఆరింటికే రద్దీ అయిపోతుంది, నియమం కూలుతుంది. మరి పొద్దున్నే కూరగాయలకి వెళ్ళడం పాపమా? కాదు. ఇక్కడ ఎవరినీ మోసగించడం లేదు. రద్దీ పెరిగితే ఇంకో వేళకి వెళ్తాం, అంతే. మొదటి సూత్రం ("అందరూ పాటిస్తే?" అన్న పరీక్ష) ఇలా వింత జవాబు ఇచ్చినప్పుడు రెండో సూత్రంతో సరిచూసుకోవాలి. కాంట్ పక్షం వాదించేవాళ్ళలో చాలామంది ఇప్పుడు చేసేది ఇదే.

మనిషిని సాధనంగా వాడకూడదంటే బెంజ్ సర్కిల్లో ఆటో ఎక్కకూడదా?

ఎక్కొచ్చు. కాంట్ వాక్యంలో "కేవలం" అనే మాట మింగేయడం వల్ల వచ్చే అనుమానం ఇది. ఆటో అతను మిమ్మల్ని, మీరు అతన్ని వాడుకుంటున్నారు. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒప్పుకున్నారు. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, అవతలి మనిషికి అసలు సంగతి తెలిస్తే ఒప్పుకునే వీలే లేని పని చేసినప్పుడు. మోసానికీ బలవంతానికీ ఎవరూ ఒప్పుకోలేరు. ఒప్పుకుంటే అది మోసం కాదు కదా.

తేల్చుకోడానికి మూడు ప్రశ్నలు చాలు. నేను చేస్తున్నది అతనికి మొత్తం తెలుసా? తెలిశాక "వద్దు" అనే దారి అతనికి ఉందా? "వద్దు" అంటే అతని బతుకు మీద దెబ్బ పడుతుందా? మూడో ప్రశ్నే గట్టిది. ఇంట్లో పనిచేసే ఆవిడ అడ్వాన్సు తీసుకుని ఉంది. పండగ రోజు కూడా రమ్మంటే "సరేనమ్మా" అంటుంది. ఆ "సరే" వెనక అడ్వాన్సు ఉందా, ఇష్టం ఉందా అన్నది మీరే చూసుకోవాలి.

ఈ సూత్రం మూత్రపిండం అమ్మకం దగ్గర బాగా పదునుగా కనిపిస్తుంది. వస్తువులకి ధర ఉంటుంది, మనిషికి ధర కాదు, గౌరవం ఉంటుంది అన్నాడు కాంట్. మన 1994 అవయవ మార్పిడి చట్టం కూడా అవయవాల వ్యాపారాన్ని నేరం చేసింది. అయితే కాంట్ అక్కడితో ఆగలేదు. ఇంకొకరికి అమర్చడానికి పన్ను ఇచ్చినా, అమ్మినా అది పాక్షిక ఆత్మహత్యే అన్నాడు. ఆ లెక్కన తమ్ముడికి కిడ్నీ ఇచ్చే అక్క కూడా తప్పు చేసినట్టే. ఇది ఆయన సూత్రం నుంచి తప్పనిసరిగా వచ్చే ముగింపు కాదు, ఆయన తన సూత్రాన్ని ఆ చోట సరిగా వాడుకోలేదు. సూత్రాన్ని తీసుకుని, దాంతో ఆయన చెప్పిన తీర్పుల్నే కాదనవచ్చు.

కొట్టువాడు నిజాయితీగా అమ్మినా కాంట్ మెచ్చుకోడట, ఎందుకని?

కాంట్ ఇచ్చిన ఉదాహరణే ఇది. చిన్నపిల్లాడు వచ్చినా ఒకే ధరకి అమ్మే కొట్టువాడు. పేరు పోతే గిరాకీ పోతుందని అలా అమ్మితే పని సరైనదే, దానికి నైతిక విలువ మాత్రం లేదంటాడు. ఈ తేడాని మీ మీద మీరు వాడుకోండి, పక్కవాడి మీద వద్దు. బీసెంట్ రోడ్డు కొట్టువాడి మనసులో ఏముందో మీకు తెలీదు, సరైన చిల్లర ఇచ్చాడు, చాలు.

నాన్నగారికి క్యాన్సర్ అని తేలింది. "ఆయనకి చెప్పొద్దు, తట్టుకోలేరు" అంటున్నారు ఇంట్లోవాళ్ళు. ఏం చెయ్యాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ తొందరలో తప్పుదారి పట్టేదీ ఇక్కడే.

అబద్ధం మీద కాంట్ మాట కఠినం. 1797లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, హంతకుడు గుమ్మం దగ్గరికొచ్చి "నీ స్నేహితుడు లోపలున్నాడా?" అని అడిగినా, జవాబు చెప్పక తప్పనప్పుడు అబద్ధం చెప్పకూడదన్నాడు. సరిగ్గా ఇదే ఇరకాటం మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. భారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పే కౌశికుడి కథలో, సత్యమే పలకాలని వ్రతం పట్టిన తపస్వి, దొంగలు అడిగితే జనం దాక్కున్న చోటు చూపించి, వాళ్ళ చావుకి కారణమై నరకానికి పోతాడు. అంటే కృష్ణుడు కాంట్‌కి ఎదురు పక్షం. ఇక వామనచరిత్రలో ప్రాణం, మానం, విత్తం పోయే చోట బొంకినా దోషం లేదని శుక్రాచార్యుడు చెప్పినా, ఇచ్చిన మాట తప్పనన్న బలిచక్రవర్తి కాంట్ పక్షం. "మన సంస్కృతిలో ఇలాంటప్పుడు దాచడమే పద్ధతి" అని ఎవరైనా అంటే, మన కథల్లో రెండు పక్షాలూ ఉన్నాయని గుర్తుచెయ్యండి.

అయితే మీ ఇంటి గుమ్మంలో ఉన్నది హంతకుడు కాదు. తన ఒంటి గురించి తనే అడుగుతున్న మనిషి. కౌశికుడి కథ ఇక్కడ అతకదు.

ముందు జల్లెడ. "పెద్దవాళ్ళకి పెద్ద జబ్బు వస్తే వాళ్ళకి చెప్పకుండా మేమే నిర్ణయాలు తీసుకుంటాం" అనే నియమం అందరూ పాటిస్తే, "మీకేం లేదు నాన్నా" అన్న మాటకి ఏ ఇంట్లోనూ విలువ ఉండదు. నిజంగా ఏమీ లేనప్పుడు కూడా నమ్మరు. రెండో సూత్రం ఇంకా సూటిగా అడుగుతుంది: ఆయన శరీరానికి కీమో ఎక్కించాలా వద్దా అన్నది ఆయన్ని అడక్కుండా తేల్చడానికి మీకేం హక్కు?

అబద్ధం, మౌనం, కొంచెం కొంచెంగా చెప్పడం, మూడూ మూడు వేరు వేరు పనులు. జల్లెడ ఆపేది మొదటిదాన్నే. చెప్పించుకోవడం ఆయన హక్కయితే, వద్దనుకోవడం కూడా ఆయన హక్కే. కాబట్టి మొదట అడగాల్సింది డాక్టర్ని కాదు, నాన్నగారినే, రిపోర్టు సంగతి ఎత్తకుండా: "పరీక్షల్లో ఏం వచ్చినా మీకే చెప్పమంటారా, పెద్దాడితో మాట్లాడమంటారా?" ఆయన "మీరు చూసుకోండిరా" అంటే మీ మౌనానికి ఆయన అనుమతి ఉంది. "నాకే చెప్పు" అంటే చెప్పాలి. ఈ ప్రశ్న బయాప్సీకి ముందే అడిగితే సులువు. రిపోర్టు చేతికొచ్చాక అడిగితే మీ గొంతే అంతా చెప్పేస్తుంది.

ఇక తక్కెడ. ఇంట్లోవాళ్ళు లెక్కవేసేది మొదటి వారం దుఃఖాన్నే. ఆ పళ్ళెంలో వెయ్యనివి చాలా ఉంటాయి: పొలం పంపకం, బ్యాంకు నామినీ, ఎవరికో ఇవ్వాల్సిన బాకీ, మాట్లాడ్డం మానేసిన తమ్ముడు, వెళ్ళాలనుకున్న శ్రీశైలం. పైగా దాపరికం నిలవదు. ఆసుపత్రి బోర్డు మీద "ఆంకాలజీ" (క్యాన్సర్ విభాగం) అని ఉంటుంది. మూడు వారాల్లో జుట్టు రాలుతుంది. పక్క మంచం వాళ్ళు "మీకు ఇది కీమో ఎన్నో సైకిలు అండీ?" అని అడుగుతారు. అప్పుడు ఆయనకి జబ్బుతో పాటు, ఇంట్లో అందరూ కలిసి తన దగ్గర నటించారనే బాధ కూడా తోడవుతుంది.

చెప్పేటప్పుడు మొత్తం ఒకేసారి గుమ్మరించక్కర్లేదు. పేరు, చెయ్యబోయే వైద్యం, రేపు ఏం జరుగుతుంది, ఈ మూడూ చెప్పి ఆగండి. మిగతాది ఆయన అడిగితే చెప్పండి. డాక్టరు "ఇన్ని నెలలు" అన్న అంకె సగటు లెక్క, జాతకం కాదు. ఆయన అడక్కపోతే దాన్ని ఎత్తక్కర్లేదు.

ఒక కాగితం పనికి ఆఫీసులో డబ్బులడుగుతున్నారు. ఇచ్చేస్తే ఎవరికీ నష్టం లేదుగా?

ఇక్కడ ఫలితవాదంలోనే ఉన్న రెండు రకాలు తెలియాలి. ఈ ఒక్క పని ఫలితం చూసేది ఒకటి, ఈ రకం పనుల్ని అనుమతించే నియమం ఫలితం చూసేది ఇంకొకటి. ఒక్క పని చూస్తే మీకు కాగితం వస్తుంది, అతనికి డబ్బొస్తుంది, ఇద్దరూ సంతోషం. నియమం చూస్తే, మీ ఫైలు పైకెక్కినప్పుడల్లా ఇంకొకరిది కిందికి పోతుంది, ఫైలు ఆపితేనే ఆదాయం అని టేబులుకి తెలిసిపోతుంది. కాబట్టి ఈ విషయంలో కాంట్, నియమం చూసే ఫలితవాది ఒకే మాట మీదకొస్తారు. ఇద్దరూ కలిసినప్పుడు ఇక వెనకాడక్కర్లేదు.

చట్టం కూడా మారింది. 1988 అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. బలవంతం మీద ఇచ్చినవాళ్ళకి మినహాయింపు ఉంది, ఇచ్చిన ఏడు రోజుల్లోగా దర్యాప్తు సంస్థకి చెప్తేనే.

చేతిలో ఉన్న దారి: దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ, నంబరు ఉన్న రసీదు తీసుకోండి. గడువు దాటితే సమాచార హక్కు చట్టం (2005) కింద "నా దరఖాస్తు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎవరి దగ్గరుంది, గడువు ఎంత" అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. "నా పని ఎందుకు చెయ్యలేదు?" అని అడగడం పొరపాటు. అది సమాచారం కాదు, సంజాయిషీ అని తోసిపుచ్చుతారు.

ప్రాణం మీదకొచ్చిన అత్యవసరంలో డబ్బిచ్చినవాణ్ణి కూడా ఇదే గాటన కట్టొచ్చా? కాంట్ లెక్కలో బలవంతానికి గురైనవాడి తప్పూ, బలవంతం చేసినవాడి తప్పూ ఒకటి కావు. మినహాయింపు పెట్టి చట్టం చెప్పిందీ అదే.

మరి తక్కెడ ముందు వాడాల్సిన చోటే లేదా?

ఉంది. ఎవరి హక్కునీ తొక్కకుండా, ఉన్న కొద్దిదాన్ని పంచాల్సి వచ్చినప్పుడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటి రోజున మీ చేతిలో ఎనిమిది మంది పట్టే ఒక్క పడవ ఉందనుకోండి. ఒక వీధిలో 30 మంది మేడ మీద క్షేమంగా ఉన్నారు, బియ్యం, గ్యాసు ఉన్నాయి. ఇంకో వీధి చివర ఇద్దరే ఉన్నారు: వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషి, నెలలు నిండిన గర్భిణి. తలలు లెక్కబెడితే మొదటి వీధి. బెంథామ్ తలలు మాత్రమే లెక్కబెట్టమనలేదు. ఆయన కొలతలు ఏడు: తీవ్రత, ఎంతకాలం, ఎంత ఖాయం, ఎంత దగ్గరలో, దాని వెంట ఇంకేం పుట్టుకొస్తాయి, దాంట్లో వ్యతిరేక ఫలితం ఎంత కలుస్తుంది, ఎంతమంది మీద. మేడ మీదివాళ్ళకి కలిగే బాధ ఇబ్బంది. డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని ప్రాణమే పోవచ్చు, అదీ రెండు మూడు రోజుల్లో. తీవ్రత, ఖాయం, దగ్గర అనే మూడు కొలతల్లోనూ ఇద్దరే గెలుస్తారు. పడవ అటే వెళ్ళాలి.

ఇక్కడ లెక్క చెడేది మూడు రకాలుగా. గట్టిగా కేకలేసేవాళ్ళని ముందు ఎక్కించడం. తెలిసినవాళ్ళ వీధి నుంచి మొదలుపెట్టడం. ఎక్కువ డబ్బిచ్చినవాణ్ణి ఎక్కించడం. మూడోదాన్ని సమర్థించేవాళ్ళు లేకపోలేదు: రేటు పెరిగితే బయటినుంచి ఇంకో నాలుగు పడవలు వస్తాయి కదా అంటారు. పడవలు రావడానికి రెండు రోజులు టైముంటే ఆ వాదనలో పస ఉంది. నీళ్ళు మెడదాకా వచ్చిన రాత్రికి లేదు. ఆ రాత్రి "వద్దు" అనే దారి లేని మనిషి దగ్గర రేటు మాట్లాడటం, పైన చెప్పిన మూడో ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

ట్రాలీ సమస్యతో నిజజీవితంలో ఉపయోగం ఉందా?

కొంచెం. తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ 1967లో పెట్టిన ఉదాహరణ అది. అయిదుగుర్ని కాపాడటానికి బండిని ఒకడున్న పట్టాల మీదకి మళ్ళించొచ్చా అన్నది ప్రశ్న. తర్వాత జుడిత్ జార్విస్ థామ్సన్ దాన్ని ఇంకా మెలిపెట్టింది. చంపడానికీ, చావుని ఆపకపోవడానికీ తేడా ఉందా, కోరి చేసిన హానికీ, తప్పదని తెలిసి ఒప్పుకున్న హానికీ తేడా ఉందా అని విడదీసి చూడ్డానికి అది ప్రయోగశాల.

మన దగ్గర దానికి దగ్గరగా వచ్చేది వరదప్పుడు గట్టుకి గండి కొట్టడం. ఊరు మునక్కుండా నీటిని పొలాల్లోకి వదలాలా? మీట లాగే ట్రాలీ మనిషికి లేని పనులు మూడు గండి కొట్టే అధికారికి ఉంటాయి. ముందు దండోరా వేయించి పొలాల్లో మనుషుల్నీ గొడ్లనీ ఖాళీ చేయించాలి. ఊరిని కాపాడటానికి వేరే దారి లేదని రాసి పెట్టాలి. మునిగిన పంటకి పరిహారం ఇవ్వాలి. మూడోది మర్చిపోతే మొదటి నిర్ణయం కూడా చెడుతుంది, ఎందుకంటే అప్పుడు ఆ రైతుల్ని ఊరి కోసం కేవలం సాధనంగా వాడినట్టే.

రెండు కర్తవ్యాలు ఢీకొంటే కాంట్ ఏమంటాడు?

సరిగ్గా ఏమీ అనడు, అదే ఆయన బలహీనత. ఆ గండిని పూడ్చింది తత్వవేత్త డబ్ల్యూ. డి. రాస్, 1930లో. మాట నిలబెట్టుకోవడం, చేసిన నష్టం పూడ్చడం, కృతజ్ఞత, న్యాయం, మేలు చెయ్యడం, తనని తను మెరుగుపరుచుకోవడం, హాని చెయ్యకపోవడం, ఇవి ఏడూ కర్తవ్యాలే, ఏదీ పుట్టుకతో పెద్దది కాదు, ఆ సందర్భంలో ఏది బరువో చూడాలన్నాడు.

ఎనిమిదింటికి గుంటూరులో మీ మరదలి పెళ్ళి. మంగళసూత్రాలు మీ జేబులో ఉన్నాయి. కాజ టోల్ ప్లాజా దాటాక బైకు పడిపోయి ఒకతను రోడ్డు పక్కన రక్తంలో ఉన్నాడు. చుట్టూ ఎవరూ లేరు. ఇచ్చిన మాటా కర్తవ్యమే, సాయమూ కర్తవ్యమే. ముహూర్తం జారితే కోపాలొస్తాయి, ఇతను జారితే ప్రాణం పోతుంది. ఆగండి, 108కి ఫోన్ చెయ్యండి, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి, మెడ కదపకండి. పోలీసు కేసు భయం అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను, సాయం చేసినవాళ్ళ మీద కేసు పెట్టకుండా, పేరు చెప్పమని బలవంతపెట్టకుండా కాపాడుతుంది.

రాస్ దగ్గర నేర్చుకోవాల్సింది తర్వాతి మెట్టు. ఓడిపోయిన కర్తవ్యం చచ్చిపోదు, బాకీగా మిగులుతుంది. అంబులెన్సు వస్తుండగానే పెళ్ళివారికి ఫోన్ చెయ్యాలి, సూత్రాలు ఇంకొకరి చేత పంపే ఏర్పాటు చూడాలి, వెళ్ళాక మామయ్యగారికి క్షమాపణ చెప్పాలి. "నేను చేసింది మంచి పనే కదా" అని గుమ్మంలోనే వాదనకి దిగితే బాకీ ఎగ్గొట్టినట్టు.

గీతలోని నిష్కామ కర్మ, కాంట్ చెప్పిన కర్తవ్యం ఒకటేనా?

పోలిక ఉంది, ఒకటి కాదు. ఫలం మీద కన్ను వెయ్యకుండా పని చెయ్యమనడం రెండింట్లోనూ ఉంది. కానీ గీతలో పని స్వధర్మం నుంచి వస్తుంది, ఎవరి స్థానానికి తగ్గది వాళ్ళకి. కాంట్‌కి స్థానంతో పని లేదు, బుద్ధి ఉన్న ప్రతివాడికీ ఒకే నియమం. పైగా గీత మూడో అధ్యాయంలో లోకసంగ్రహం (లోకం సవ్యంగా నిలవడం) కోసం పని చెయ్యమన్న మాట ఉంది. అది ఫలితాల వైపు చూసే మాటే. పరీక్షల్లో రెంటినీ కలిపేసి రాసేవాళ్ళకి మార్కులు పోయేది ఇక్కడే.

అరిస్టాటిల్ సద్గుణాలు, సంరక్షణ నీతి, వీటి సంగతి?

ఏం చెయ్యాలో తేలిపోయాక ఎలా చెయ్యాలో చెప్పడానికి ఇవి బాగుంటాయి. నాన్నగారికి నిజం చెప్పాలని జల్లెడ తేల్చింది సరే, నిలబడి చెప్పాలా, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చెప్పాలా అన్నది ఏ నియమంలోనూ దొరకదు. సంరక్షణ నీతికి దారి వేసిన కారల్ గిల్లిగన్ 1982లో ఎత్తి చూపింది అదే: నియమాలు లెక్కబెట్టే గొంతు ఒక్కటే నీతి గొంతు కాదు, ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో చూసే గొంతు ఇంకొకటుంది. ఆ గొంతుకి ఒక లోపం ఉంది. మనవాళ్ళ మీద ప్రేమ పరాయివాళ్ళకి అన్యాయంగా మారేటప్పుడు అది ఆపలేదు. ఉద్యోగానికి మేనల్లుడి పేరు పెద్దమనిషి రాసింది ప్రేమ తక్కువై కాదు.

సివిల్స్ ఎథిక్స్ పేపర్లో కేస్ స్టడీకి ఇదంతా ఎలా రాయాలి?

2013 నుంచి ఉన్న ఈ పేపరుకి 250 మార్కులు. కాంట్, మిల్, రాస్ పేర్లు వరసగా పేర్చితే మార్కులు పడవు. కేసులో ఎవరెవరున్నారో, ఉన్న దారులేవో రాసి, ఒక్కో దారి ఏ వడపోతలో ఎందుకు ఆగిందో ఒక్క వాక్యంలో చెప్పి, మిగిలినదాన్ని అమలు చేసే మెట్లు రాయండి. వదిలేసిన కర్తవ్యానికి బాకీ ఎలా తీరుస్తారో ఒక వాక్యం రాస్తే, అది చాలామంది రాయరు కాబట్టి, కనిపిస్తుంది.

అప్పులవాడు గుమ్మంలో నిలబడితే "నాన్న లేరని చెప్పు" అని పిల్లాడితో చెప్పించడం?

నవ్వొచ్చే ప్రశ్నలా ఉంటుంది గానీ, కాంట్ హంతకుడి కథకి మన ఇళ్ళల్లో అచ్చు ఇదే. ఒక్క తేడా: ఇక్కడ వచ్చినవాడికి అడిగే హక్కు ఉంది. తప్పులు రెండు. ఒకటి అబద్ధం. రెండోది, ఆ అబద్ధాన్ని మోయడానికి ఏడేళ్ళ పిల్లాణ్ణి వాడటం. వాడికి "వద్దు" అనే దారి లేదు. "నాన్న లేరని చెప్పమన్నారు" అని వాడు పొల్లుపోకుండా చెప్పేస్తే తర్వాత తిట్లు కూడా వాడికే.

మీరే లేచి గుమ్మం దాకా వెళ్ళి, "ఇవాళ నా దగ్గర లేవండీ, శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి ఎంత ఇవ్వగలనో చెప్తాను" అనండి. లేవలేని పరిస్థితిలో ఉంటే పిల్లాడితో పంపే మాట: "నాన్న ఇప్పుడు మాట్లాడలేరట, శుక్రవారం ఫోన్ చేస్తారట." ఇందులో అబద్ధం లేదు. శుక్రవారం ఆరింటికి ఫోన్ చెయ్యాలి, డబ్బు సర్దుబాటు కాకపోయినా సరే.